పెద్దక్క పంపిన తెల్లగుడ్డ

పత్తికొండ,
1937 జూన్ 14.

పెద్దక్కకు, తమ్ముడు లేవి వందనాలు.

ఇక్కడ అందరం క్షేమం. నీ మరదలు విశ్వాసమ్మ నిన్ను అడిగినానని వ్రాయమంది. మా ఇంట్లో ఎవరికీ జబ్బు లేదు. జబ్బు అంతా డాక్టరమ్మ కారుకే.

నీకు కార్ల సంగతి తెలియదు గనుక మనిషి సంగతిలా చెబుతాను. బాటలో పరుగెత్తుతున్నంతసేపు దానికి ఏమీ లేదు. పడుచు ఎద్దులా పోతుంది. ఊరు వచ్చి, వేగం తగ్గించి, కాలు తీసినానంటే చలిజ్వరం వచ్చినవాడిలా వణుకుతుంది. నాలుగుసార్లు దగ్గి ఊరకుంటుంది. మళ్ళీ నేను దిగి, ముందుకు పోయి, ఇనుప హేండిలు పెట్టి తిప్పాలి. భుజాలు పోయినాయి.

మొన్న దేవనకొండ సంతలో ఆరుసార్లు ఆగింది. ఆరోసారికి జనం మందుల కోసం డాక్టరమ్మ దగ్గరికి పోవడం మాని నా చుట్టూ చేరినారు. ఒక ముసలామె, "ఏమప్పా, మీ డాక్టరమ్మ ఊరందరికీ సూది ఏస్తాంది గదా, దీనికొకటి ఏయకూడదా?" అన్నది. డాక్టర్ కృపమణి గారు కూడా నవ్వినారు.

అక్కా, సంగతి నవ్వులాట దాటింది. కర్నూలులో మన సంఘం పెద్దలకు ఈ కథ చేరింది. పదేళ్ళ పాత కారు, అమ్మేసి డాక్టరమ్మకు ఎద్దులబండి ఇస్తే సరిపోతుందని వాళ్ళలో ఒకరిద్దరు అంటున్నారట. బండి అయితే ఆమె నెలకు ఐదారు ఊళ్ళు కూడా చూడలేరు. బండికి డ్రైవరూ అక్కరలేదు. మన ఇంట్లో కాకీ అంగీ వేసుకున్న మొదటివాడిని నేను. చివరివాడిని కూడా నేనే అవుతానేమో. ప్రార్థన చెయ్యి.

నీ తెల్లగుడ్డలు అందినాయి. మెత్తగా ఉన్నాయి. అయిపోవస్తున్నాయి, ఇంకొన్ని పంపు.

నీ తమ్ముడు,
లేవి.

కడప, పిల్లల బోర్డింగు,
జూన్ 19.

లేవికి, పెద్దక్క జీవమ్మ దీవెనలు.

ఉత్తరం చదివినాను. ఉదయం ప్రార్థనలో నీ పేరూ చెప్పినాను, కారునూ చెప్పినాను. కారు మాట వచ్చినప్పుడు పిల్లల్లో ఒకతె కళ్ళు తెరిచి నన్ను చూసింది.

ఇక్కడ ఏ పిల్ల కడుపునొప్పి అన్నా నేను మూడు అడుగుతాను. ఎప్పుడు మొదలైంది. దానికి ముందు కొత్తగా ఏమి తిన్నావు. ఏమి చేస్తే తగ్గుతుంది. ఈ మూడూ నీ కారును అడిగి వ్రాయి.

గుడ్డలు పంపుతున్నాను. నా మల్లు చీర చించినాను. పదిహేనేళ్ళు ఉతికినది. ఇంతకంటే మెత్తనిది దొరకదు.

మా కిరసనాయిలు స్టవ్ కూడా సరిగా లేదు. పంపు కొడితే గాలి పట్టడం లేదు. బజారుకు పంపాలి.

భుజాలకు ఆముదం వెచ్చచేసి రాయించుకో.

జీవమ్మ.

పత్తికొండ,
జూన్ 28.

పెద్దక్కకు వందనాలు.

నీ మూడు ప్రశ్నలు కారును అడిగినాను. మొదటిదానికి జవాబు, ఏప్రిల్ ఆఖరున. రెండోదానికి, కొత్తగా ఏమీ తినలేదు. అదే పెట్రోలు, అవే డబ్బాలు, నేనూ అదే లేవిని. ఏమీ మార్చలేదు. మూడోదానికి ఇంకా జవాబు దొరకలేదు.

కర్నూలు పోయి ఖాజా మేస్త్రికి చూపించినాను. తుంగభద్ర ఒడ్డున ఆయన షెడ్డు. ఆయన ముందు ఇంజను దగ్గర చెవి పెట్టి పది నిమిషాలు కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయినాడేమో అనుకున్నాను. తర్వాత లేచి, "లేవీ భాయ్, దీనికి గుండెజబ్బు లేదు. నఖరాలు చేస్తాంది, అంతే" అన్నాడు. ఇంజను లోపల నిప్పురవ్వ వేసే ప్లగ్గులు నాలుగూ ఊడదీసి మసి గీకి, మళ్ళీ బిగించినాడు. కారు కర్నూలులో బంగారంలా నిలబడింది. పత్తికొండలో కూడా రెండు రోజులు నిలబడింది. మూడో రోజు మళ్ళీ దగ్గు.

మళ్ళీ పోయినాను. ఈసారి ఒక మర తిప్పి, కాలు తీసినా ఇంజను గట్టిగా తిరిగేటట్టు చేసినాడు. అది ఆగలేదు నిజమే. కానీ నిలబడి ఉన్నా పిండిమరలా అరుస్తుంది. చిన్నహోతూరులో డాక్టరమ్మ ఒక గర్భిణి కడుపు మీద గొట్టం పెట్టుకొని వింటూ, "లేవీ, బిడ్డ గుండె కొట్టుకోవడం వినాల్నా, నీ ఇంజను వినాల్నా?" అన్నారు. ఆర్పితే మళ్ళీ వెలగదని నేను ఆర్పలేదు. పాస్టరు గారి ప్రార్థన కూడా ఎవరికీ వినబడలేదు. ఆమెన్ ఎప్పుడనాలో తెలియక అందరూ నా ముఖం చూసినారు.

మర మళ్ళీ వెనక్కు తిప్పినాను. గుడ్డల మూట అందింది.

లేవి.

కడప,
జూలై 5.

లేవికి.

మొదటి ప్రశ్నకు జవాబు వచ్చింది. సంతోషం.

రెండోదానికి నీవు తొందరగా జవాబు చెప్పినావు. ఒకే మాటను మూడు తీర్లుగా చెప్పినావు. చిన్నప్పుడు ఉట్టి మీద బెల్లం ఏమైందని అడిగినా ఇట్లే చెప్పేవాడివి.

మూడోది కనుక్కో. ఏమి చేస్తే తగ్గుతుందో తెలిస్తే జబ్బు ఎక్కడుందో తెలుస్తుంది.

ఇక్కడ వాన లేదు. బావి అడుగంటింది. పిల్లలు స్నానాలు తగ్గించినారు, సంతోషంగా.

జీవమ్మ.

పత్తికొండ,
జూలై 16.

పెద్దక్కకు,

మూడోదానికి జవాబు దొరికింది.

ఖాజా మేస్త్రి ఈసారి కార్బురేటరు విప్పినాడు. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు తాగించే చిన్న ఇత్తడి డబ్బా అది. దానిలో రెండు రంధ్రాలున్నాయి. కారు పరుగెత్తేటప్పుడు పెద్ద రంధ్రంలోంచి తాగుతుంది. నిలబడినప్పుడు చిన్నదానిలోంచి. ఆ చిన్నది ఎంతంటే, సూదిమొన కూడా దూరదు. మేస్త్రి దాన్ని వెలుతురుకు పెట్టి చూస్తే వెలుతురు కనబడలేదు. నోటితో ఊదినాడు. తెల్లటి నూగు ఒకటి ఎగిరి ఆయన గడ్డం మీద వాలింది. "ఇదీ నీ దొంగ" అన్నాడు.

బిగించి తిప్పితే, అక్కా, ఇంజను పొయ్యి పక్కన పడుకున్న పిల్లిలా గుర్రుమంది. పైన గ్లాసు నీళ్ళు పెట్టినాము. తొణకలేదు. మేస్త్రి నాకు చాయ్ తాగించినాడు.

రెండు డబ్బాల పెట్రోలు పోసేవరకు అట్లే ఉంది. మూడో డబ్బాకు మళ్ళీ చచ్చింది. నేనే విప్పి ఊదినాను. మళ్ళీ నూగు. మళ్ళీ రెండు డబ్బాలు బాగు, మూడోదానికి జబ్బు. ఇప్పటికి నాలుగుసార్లు ఊదినాను. ఊదితే తగ్గుతుంది, ఇదే నీ మూడో జవాబు.

ఇది పత్తికొండ గాలి చేసిన పని అనుకుంటున్నాను. దూది మండీ పక్కనే కదా కారు నిలబెట్టేది. బేళ్ళు కట్టే కాలం పోయినా నూగు పోలేదు. అందుకని కారును అక్కడినుంచి గుడి వెనక్కు మార్చినాను. గాలి పీల్చే మూతికి నీ గుడ్డ ఒకటి మూడు మడతలు వేసి కట్టినాను. ఊపిరాడక పది గజాలు కూడా పోకుండా చచ్చింది. విశ్వాసమ్మ వాకిట్లో నిలబడి, "దాని ముక్కు మూసి పరుగెత్తమంటే ఎట్లా పరుగెత్తుతాది? నీ ముక్కు మూసి సూడాలప్పా" అన్నది. గుడ్డ విప్పినాను.

ఇంకొక మాట. కర్నూలునుంచి ఉత్తరం వచ్చింది. సంఘం పెద్ద దావీదురాజు గారు సెప్టెంబరు నాలుగున తానే కారులో కూర్చొని కర్నూలునుంచి పత్తికొండకు వస్తారట. చూసి, ఉంచేదో అమ్మేదో అదే రోజు చెబుతారట. ఎద్దులబండి మాట మొదట ఎత్తింది ఆయనేనని డాక్టరమ్మ అన్నారు.

లేవి.

కడప,
జూలై 22.

లేవికి.

మా స్టవ్‌కు కూడా చిన్న రంధ్రం ఉంది. మంట తగ్గితే సన్నతీగతో పొడుస్తాము. ఒక ఏడాది రోజూ పొడవాల్సి వచ్చింది. చివరికి నేను స్టవ్ వదిలి కిరసనాయిలు డబ్బా చూసినాను. అడుగున తుప్పు ఉంది. డబ్బా మార్చినాను. పొడవడం మానినాను.

గాలిలో నూగు వస్తే రోజుల లెక్కన జబ్బు రావాలి. నీ కారుకు డబ్బాల లెక్కన వస్తున్నది. నీ ఉత్తరంలోనే ఉంది, చదువుకో.

నీవు అడిగిన గుడ్డలు తుడవడానికా, పెట్రోలు వడగట్టడానికా?

నీ మూటకు పోగా మిగిలిన చీర ముక్కను గడప దగ్గర ఎండలో దులిపినాను. నూగు లేచింది. శానా లేచింది. నీ కారుకు ఆ జబ్బును నేనే తపాలాలో పంపుతున్నానేమో.

మూడేళ్ళ కిందట, ముందున్న దొరసాని డాక్టరు ఊరికి పోతూ కారుతో పాటు ఒక పసుపు రంగు మెత్తటి తోలు ఇచ్చిందని మురిసిపోతూ వ్రాసినావు. అది పెట్రోలును దిగనిస్తుంది, నీళ్ళను చెత్తను ఆపుతుంది అన్నావు. ఆ తోలు ఎక్కడ?

జీవమ్మ.

పత్తికొండ,
ఆగస్టు 1.

పెద్దక్కకు,

వడగట్టడానికే. నీవు పట్టుకున్నావు. కానీ తప్పు నీది కాదు. నేను అడిగితేనే పంపినావు.

ఆ తోలు ఎండిపోయింది అక్కా. సీటు కింద పడి ఉంది. అప్పడంలా అయింది. తట్టితే చప్పుడు వస్తుంది. దాన్ని ఇక లెక్కలోంచి తీసేయి.

నీ చీర మానేసి నా పాత కాకీ అంగీతో వడగట్టినాను. కాకీ నూగు వచ్చింది. డేరా గుడ్డతో వడగట్టినాను. నూగు ఆగింది కానీ డబ్బా అడుగున ఉన్న నీళ్ళు దిగిపోయినాయి. కారు నీళ్ళు తాగి కప్పలా ఎగిరింది. డాక్టరమ్మ మందుల పెట్టెలో రెండు సీసాలు పగిలినాయి. ఇంత పెద్ద కర్నూలులో అట్లాంటి తోలు దొరకదట. మద్రాసునుంచి తెప్పించాలి, రెండు నెలలు పడుతుందట. దావీదురాజు గారు వచ్చేది ఇంకొక నెలకు.

ఇప్పటికి కారు తోయడానికి ఊళ్ళో ఎనిమిదిమంది అలవాటు పడినారు. నన్ను చూస్తేనే పంచెలు ఎగగడుతున్నారు.

లేవి.

కడప,
ఆగస్టు 6.

లేవికి.

తోలు తనంతట తాను ఎండదు. చేతిలోంచి వదిలితే ఎండుతుంది.

ఎందుకు వదిలినావు? కోపంతో అడగడం లేదు.

జీవమ్మ.

పత్తికొండ,
ఆగస్టు 12.

పెద్దక్కకు,

నీ నాలుగు వాక్యాల ఉత్తరం రెండు రోజులు జేబులో పెట్టుకొని తిరిగినాను. చెబుతాను.

ఏప్రిల్‌లో ఒక సంత రోజు. బజారులో డబ్బా విప్పి, గరాటులో ఆ తోలు పరిచి పెట్రోలు పోస్తున్నాను. దూది మండీ గుమాస్తా నారాయణ అరుగు మీద కూర్చొని ఉన్నాడు. చుట్టూ ఇరవైమంది. "ఏమప్పా లేవీ, కాకీ అంగీ తొడిగినా తోలు మాత్రం నీ చెయ్యి ఇడవలేదే" అన్నాడు. అందరూ నవ్వినారు. చెడ్డవాడు కాదు. వాళ్ళమ్మకు జ్వరం వస్తే నేనే డాక్టరమ్మను తీసుకుపోయినాను. ఊరికే అన్నాడు. ఊరికే అన్నందుకే నాకు లోపల దిగింది.

నాయన చేతులు గుర్తొచ్చినాయి. తోలు పదును చేసే తంగేడు చెక్క రసంలో నాని ఎప్పుడూ ఎర్రగా ఉండే ఆ చేతులు. బడిలో నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు, వాసన అని. ఆ వాసన వదిలించుకోవడానికే గదా నేను ఇంజను పని నేర్చుకున్నది. పెట్రోలు వాసన అయితే పెద్దమనుషుల వాసన.

ఆ రోజే తోలును సీటు కిందికి తోసినాను. గుడ్డయితే ఎవరూ ఏమీ అనరని, గుడ్డలు పంపమని నీకు వ్రాసినాను. ఏమీ మార్చలేదని నీకు చెప్పింది అబద్ధం. నీ చీర మీద నేరం పడుతుంటే కూడా ఊరకున్నాను. అది ఇంకా తప్పు.

కానీ అక్కా, ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. రెండేళ్ళ కిందట నేను బోర్డింగుకు వచ్చినప్పుడు ఒక పిల్ల నిన్ను, "మీ నాయన ఏం చేసేవాడు పెద్దమ్మా?" అని అడిగింది. నీవు "సేద్యం" అన్నావు. మనకు సేద్యం యాడిదక్కా? నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. విననట్టు బయటికి పోయినాను.

లేవి.

కడప,
ఆగస్టు 17.

లేవికి.

ఉత్తరం మోకాళ్ళ మీద ఉండి చదివినాను.

నాయన కుట్టిన తోలు బానలు ముద్దనూరు చుట్టుపక్కల నలభై కపిల బావుల్లో దిగినాయి. ఎద్దులు లాగితే ఒక్కో బాన మడి తడిపేంత నీళ్ళు పైకి తెచ్చేది. ఆ నీళ్ళతో పండిన కొర్రలు అందరూ తిన్నారు. నారాయణ వాళ్ళ నాయనకు కూడా ఎవరో ఒకరు కుట్టి ఇచ్చి ఉంటారు.

ఇప్పుడు పని. ఆ తోలు చావలేదు. ఎండింది, అంతే. నేను చెప్పినట్టు చెయ్యి.

గోరువెచ్చని నీళ్ళలో సబ్బు తురిమి కలుపు. వేడి నీళ్ళు వద్దు, ముడుచుకుపోతుంది. తోలును దానిలో ఒక పూట నాననివ్వు. మెల్లగా పిసుకు. పిండేటప్పుడు మెలితిప్పకు, అరచేతుల మధ్య నొక్కు. రెండోసారి కొత్త సబ్బునీళ్ళలో పిసికి, కొంచెం సబ్బు దానిలోనే ఉండనివ్వు. ఎండలో వేయకు. నీడలో, గాలి తగిలేచోట వేయి. సగం ఆరినప్పుడు అసలు పని. నీవు ఒక కొస, విశ్వాసమ్మ ఒక కొస పట్టుకొని నాలుగు వైపులా లాగండి. రోలు అంచు మీద వేసి అటూ ఇటూ రాయండి. మళ్ళీ లాగండి. పూర్తిగా ఆరేవరకు వదలకూడదు. వదిలితే మళ్ళీ అప్పడం.

నాయన లాగేటప్పుడు రెండో కొస పట్టుకున్నది నేనే. నీవు అప్పటికి పుట్టలేదు.

పెట్రోలు తొట్టి ఖాళీ చేయించి కడిగించు. నా చీర నూగు లోపల ఇంకా ఉంటుంది. వాడేముందు తోలును పెట్రోలుతో తడుపు, అప్పుడే దారి ఇస్తుందని నీవే ఒకసారి వ్రాసినావు.

నీ ఉత్తరంలో చివరి మాటకు ఇప్పుడు జవాబు వ్రాయను. వ్రాస్తాను.

జీవమ్మ.

పత్తికొండ,
సెప్టెంబరు 6.

పెద్దక్కకు, వందనాలు, వందనాలు.

ముందు తోలు సంగతి. నీవు చెప్పినట్టే చేసినాము. లాగేటప్పుడు విశ్వాసమ్మ గట్టిగా లాగితే నేను రెండుసార్లు ముందుకు పడినాను. "పెండ్లయి పద్దెనిమిదేండ్లకు నిన్ను నా దిక్కు లాక్కోను ఒక దారి దొరికింది" అన్నది. సాయంత్రానికి తోలు చెంప మీద పెట్టుకుంటే పసిబిడ్డ చెవిలా ఉంది. ఖాజా మేస్త్రి తొట్టి దించి కడిగి, రంధ్రం ఊది ఇచ్చినాడు. అప్పటినుంచి తొమ్మిది డబ్బాలు పోసినాను. ఒక్కసారి కూడా దగ్గలేదు.

ఇప్పుడు నాలుగో తారీఖు సంగతి.

దావీదురాజు గారు హెడ్మాస్టరుగా చేసి దిగిన మనిషి. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో గడియారం. కారెక్కుతూనే, "యాడ ఆగిపోతుందో ఆ ఊరి పేరు రాసుకుంటాను" అని పుస్తకం తీసినారు. కోడుమూరు వచ్చింది, ఆగలేదు. హంద్రీలో మోకాలి లోతు నీళ్ళు, దాటినాము. ఆయన పుస్తకంలో ఏమీ రాయలేదు. నాకు మాత్రం భయం పోలేదు. పరుగులో ఎప్పుడూ బాగానే ఉండేది గదా. నిలబడినప్పుడే దాని గుట్టు బయటపడేది.

దేవనకొండ దాటినాక నిలబడాల్సి వచ్చింది. బాట నిండా గొర్రెలు. మూడొందలు ఉంటాయి. కంబళి కప్పుకున్న కాపరి నడిమధ్యన. హారను కొడితే అవి బెదిరి కార్ల కిందికే వస్తాయి గనుక కొట్టలేదు. కాలు తీసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. అక్కా, అప్పుడు నీవు గుర్తొచ్చినావు, నాయనా గుర్తొచ్చినాడు. గొర్రెలు ఒక్కొక్కటే, మనకు ఏ తొందరా లేదన్నట్టు, కారును రాసుకుంటూ పోతున్నాయి. ఇంజను మెల్లగా, మెల్లగా తిరుగుతూ ఉంది.

దావీదురాజు గారు చెవి పెట్టి విని, "ఆగిపోయిందా లేవీ?" అన్నారు. పుస్తకం తెరిచినారు.

"లేదయ్యా, నడుస్తాండాది."

"నాకు వినబడలేదే."

"తలుపు మీద చెయ్యి పెట్టి సూడండి."

ఆయన అరచెయ్యి పెట్టినారు. చాలాసేపు తీయలేదు. కాపరి కిటికీ దగ్గరికి వచ్చి తొంగిచూసి, "ఏమప్పా, నీ మోటారుకు పానం ఉండాదా, తోసేదా?" అని అడిగినాడు. దావీదురాజు గారే, "ఉండాదప్పా, నిదానంగా ఉండాది. నీ గొర్రెలు పోనీ" అన్నారు. గడియారం చూసినారు. పదకొండు నిమిషాలట. పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నారు.

పత్తికొండ బజారులో పెట్రోలు పోయాల్సి వచ్చింది. సందులోకి తీసుకుపోయి పోయొచ్చు. తీసుకుపోలేదు. నారాయణ అరుగు ఎదురుగానే ఆపినాను. గరాటు పెట్టి, తోలు దులిపి, నలుగురూ చూసేటట్టు పరిచి పోసినాను.

నారాయణ ఊరకుంటాడా. "ఏమప్పా, మళ్ళా తోలు బయటికొచ్చిందే?" అన్నాడు.

"తోలేనప్పా" అన్నాను. "మా నాయన తోలు పని చేసినోడు. ఆయన బానతోనే మా దిక్కు మళ్ళు తడిసినాయి. నాలుగు నెలలు సిగ్గుపడి గుడ్డతో వడగట్టినా. ఊరంతా దిగి నా కారు తోసినారు. నువ్వు గూడా తోసినావు, రెండుసార్లు."

"మూడుసార్లు" అన్నాడు నారాయణ.

అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. పెట్రోలు దిగిపోయినాక తోలు మీద నీటి బొట్లు నాలుగు మిగిలినాయి. దావీదురాజు గారు కళ్ళద్దాలు పెట్టుకొని వంగి చూసినారు. "ఈ తోలును ఇట్ల మెత్తగ చేసింది ఎవరు?" అని అడిగినారు. "నేను, నా భార్య. చెప్పింది కడపలో మా పెద్దక్క" అన్నాను.

డాక్టరమ్మ ఇంట్లో మజ్జిగ తాగుతూ ఆయన, "ఎద్దులబండి మాట ఎత్తింది నేనే. దించేది కూడా నేనే. కారు ఉంటుంది, డ్రైవరూ ఉంటాడు" అన్నారు. డాక్టరమ్మ వచ్చే నెలకు పాతిక ఊళ్ళ పేర్లు అప్పుడే రాసి పెట్టినారు. నాకు భుజాలు కాదు, ఇక నడుము పోతుంది.

నిన్న నారాయణ ఇంటికి వచ్చినాడు. వాళ్ళ సేటు లారీ కూడా నిలబడితే చస్తున్నదట. దూది మండీ లారీ, వాళ్ళు ఏ గుడ్డతో వడగడతారో నీవే అనుకో. "ఆ తోలు ఒక్క పూట ఇస్తావాప్పా?" అన్నాడు. ఇచ్చినాను. ఎండలో వేస్తే చంపుతానన్నాను.

నీ తమ్ముడు,
లేవి.

కడప,
సెప్టెంబరు 12.

లేవికి, విశ్వాసమ్మకు దీవెనలు.

ఉత్తరం ప్రార్థన తర్వాత పిల్లలకు చదివి వినిపించినాను. గొర్రెల దగ్గర అందరూ ఊపిరి బిగబట్టినారు. మొత్తం చదివినాను. నీవు బజారులో నారాయణతో అన్న మాట కూడా.

ఇప్పుడు నీ ఆగస్టు ఉత్తరంలోని చివరి మాటకు జవాబు.

స్టవ్ పంపును బజారుకు పంపలేదు. పంపులో చిన్న గిన్నెలాంటి తోలు బిళ్ళ ఉంటుంది. అది అరిగితే గాలి పట్టదు. నాకు మొదటినుంచీ తెలుసు. ఇరవై ఆరేళ్ళుగా తెలుసు. ప్రతిసారీ బజారుకు పంపుతూ వచ్చినాను. తోలు కోయడం ఈ చేతులకు ఎట్లా వచ్చునని ఎవరైనా అడుగుతారని.

నిన్న చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఒక ముక్క అడిగి తెచ్చినాను. వంటింట్లో పిల్లల ముందు కూర్చొని గుండ్రంగా కోసి, ఆముదంలో నానబెట్టి, బొటనవేలితో ఒత్తి గిన్నెలా చేసి పంపుకు తొడిగినాను. నలభై ఏళ్ళు అయింది కత్తి పట్టి. వేళ్ళు మరచిపోలేదు.

పెద్ద పిల్ల అడిగింది, "ఈ పని మీకెట్ల తెలుసు పెద్దమ్మా?"

"మా నాయన తోలు పని చేసేవాడు. బానలు కుట్టేవాడు. నేను రెండో కొస పట్టుకునేదాన్ని. సేద్యం అని చెప్పింది అబద్ధం" అన్నాను.

పంపు కొట్టి స్టవ్ వెలిగించినాను. మంట నీలంగా, కదలకుండా నిలబడింది. అప్పుడు చివర కూర్చున్న చిన్నది, "మా నాయన గూడా" అన్నది. దాని పక్కది, "మా తాత" అన్నది. ఇంకొకతె తన నాయన డప్పుకు తోలు బిగించేవాడని లేచి నిలబడి చెప్పింది. తర్వాత ఎవరు ఎవరికి చెబుతున్నారో తెలియలేదు. అందరూ ఒకేసారి మాట్లాడినారు.

అన్నం ఆలస్యమైంది. ఎవరూ అడగలేదు.

ఇక నీకు గుడ్డలు పంపను.

జీవమ్మ.